కొలను ఉండగా కృష్ణలోకే ఎందుకు వెళ్తారు?

బందరురోడ్డు_శ్రీను
నలభై దాటాక ఈత నేర్చుకున్నవాడిని. మోకాలి నొప్పి వల్ల పరుగు మానేయమని డాక్టరు చెప్పడంతో కొలనులో చేరాను. ఇప్పుడు ఆగకుండా కిలోమీటరు పైగా ఈదగలను. నాతోపాటు నేర్చుకున్న మిత్రులు కొందరు ఈమధ్య కొలనుకు రావడమే మానేశారు. తెల్లవారుజామున విజయవాడ భవానీపురం వైపు వెళ్ళి కృష్ణలో ఈదుతున్నారు. అక్కడ ఏముందని అడిగితే అందరిదీ ఒకటే మాట: ‘ఒకసారి రా, నీకే తెలుస్తుంది.’ నాకు ఆ జవాబు చాలడం లేదు. అడుగు కనపడే నీళ్ళు, లోతు ఎంతో రాసి ఉన్న గోడ, ఒడ్డున కాపలా మనిషి, ఇవన్నీ వదులుకుని, చేయి చాపితే వేళ్ళు కనపడని నీళ్ళలోకి దిగడానికి ఏదో కారణం ఉండాలి కదా. అదీ ఈ వయసులో. అనుభవం ఉన్నవాళ్ళు దాపరికం లేకుండా రాయండి. నాకూ మనసు లాగుతోంది, అందుకే అడుగుతున్నాను. ఇంట్లో మాత్రం నది పేరెత్తితే ఆ పూట అన్నం దొరికేలా లేదు.

గుంటూరు_కారం
చివరి వాక్యమే అసలు ప్రశ్న శ్రీను గారూ. పైనున్నదంతా పీఠిక.

రేవుగట్టు
చాలా ఏళ్ళుగా నదిలో ఈదుతున్నాను కాబట్టి నాకు తెలిసినంత చెబుతాను. కొలనులో పాతిక మీటర్లకోసారి గోడ వస్తుంది. తిరగాలి, లెక్కపెట్టుకోవాలి, పక్క వరుసలో ఉన్నవాడు మనల్ని దాటాడేమో చూసుకోవాలి. కిలోమీటరంటే నలభై పొడవులు. నదిలో ఆ లెక్క పోతుంది. మొదటి కొన్ని నిమిషాలు గుండె దడదడలాడుతుంది, ఊపిరి పైపైనే ఆడుతుంది. అది దాటితే బారకూ ఊపిరికీ పొత్తు కుదురుతుంది. తల నీళ్ళలో ఉన్నంతసేపు ఆకుపచ్చని చీకటి. పక్కకు తిప్పితే ఇంద్రకీలాద్రి. మళ్ళీ చీకటి, మళ్ళీ కొండ. ఆ రెండింటి మధ్య ఆఫీసు గుర్తుకు రాదు, ఇంటి అప్పు వాయిదా గుర్తుకు రాదు. కళ్ళు మూసుకుని ధ్యానం చేయమంటే నావల్ల కాదు. నదిలో మాత్రం గంట ఎలా గడిచిందో తెలియదు, ఎందుకంటే అక్కడ ధ్యాస చెదిరితే దారి తప్పుతాం.

ఈ వయసులోనే ఎందుకని అడిగారు. ఇరవైలలో మనకు వేగం కావాలి, గెలుపు కావాలి. నలభై దాటాక ఎవరినీ గెలవనక్కర్లేని చోటు ఒకటి కావాలనిపిస్తుంది. నా సంగతి అదే.

తెనాలి_పద్మజ
పై మాటకు నేనొకటి కలుపుతాను. నేను పాప పుట్టిన చాలా ఏళ్ళకు ఈత నేర్చుకున్నాను. నేను వెళ్ళిన కొలనులో ఆడవాళ్ళకు కేటాయించిన గంట ఉద్యోగం చేసేవాళ్ళకు కుదరని వేళలో ఉండేది. మామూలు వేళలో వెళ్తే నీళ్ళలో దిగేదాకా, ఎక్కేదాకా చూపులు వెంటాడేవి. ఇప్పుడు మా ఆడపడుచు, నేను, మరో ఇద్దరు స్నేహితురాళ్ళు కలిసి నదికి వెళ్తున్నాం. చీలమండల దాకా వచ్చే ఈత దుస్తులు, నిండు చేతులు, తలకు నారింజ రంగు టోపీ. మెడ లోతు వచ్చాక మన బరువును, వయసును పట్టించుకునేవాళ్ళు ఎవరూ ఉండరు. మోకాళ్ళు, నడుము మోసే భారమంతా నీళ్ళు తీసుకుంటాయి. ఒడ్డెక్కాక రోజంతా ఒంట్లో ఒక తేలికదనం ఉంటుంది. అది కొలనులోనూ వస్తుందంటారేమో. నాకు రాలేదు.

సీతానగరం_రవి
అందరూ అందం గురించే రాస్తున్నారు. రెండో వైపు కూడా ఎవరో ఒకరు చెప్పాలి. మా చిన్నాన్న కొడుకు ప్రకాశం బ్యారేజీ దిగువన స్నానానికి దిగి తిరిగి రాలేదు. ఈత రానివాడు కాదు, మా అందరిలోకీ బాగా వచ్చినవాడు. నడుము లోతు నీళ్ళలో నడుస్తూ ఒక అడుగు ముందుకు వేశాడు. అక్కడ ఇసుక తవ్విన గుంట ఉంది. గుంటలో తిరిగే నీళ్ళు కాళ్ళు లాగేశాయి. మా పిన్ని ఇప్పటికీ ఆ ఘాటు వైపు చూడదు. శ్రీను గారూ, మీ ఇంట్లోవాళ్ళు వద్దంటున్నారంటే వాళ్ళకు తెలిసే అంటున్నారు.

బందరురోడ్డు_శ్రీను
రవి గారూ, చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. మీరు రాసినందుకు కృతజ్ఞతలు. ఈ చర్చలో ఇది ఉండాల్సిన మాటే.

రేవుగట్టు
రవి గారూ, మీ మాట కాదనను. బ్యారేజీ దిగువన ఈదడానికి మేమెవరం వెళ్ళం. ఇసుక గుంటల సంగతి తెలిసినవాళ్ళు ఎవరూ వెళ్ళరు. కానీ దానికీ దీనికీ తేడా చెప్పకపోతే చదివేవాళ్ళు రెండింటినీ ఒకటే అనుకుంటారు. మేం ఈదేది ఎగువన, అదీ పడవ పక్కన ఉంటేనే.

సీతానగరం_రవి
తేడా మీకు తెలుసు. మీ ఫొటోలు చూసి ఆదివారం దిగే కుర్రాళ్ళకు తెలియదు. నా బాధ అది.

నీలిటోపీ
రవి గారు చెప్పింది నిజం. పెద్దవాళ్ళకు ఈత నేర్పుతుంటాను, నా దగ్గరికి వచ్చేవాళ్ళకు మొదట చెప్పేది ఇదే: కొలనులో కిలోమీటరు వేరు, నదిలో కిలోమీటరు వేరు. కొలనులో ప్రతి మలుపులో గోడను తన్నిన ఊపుతో నాలుగైదు మీటర్లు ఊరికే వస్తాయి. అంటే పాతిక మీటర్లలో ఆరో వంతు మనం ఈదడమే లేదు. పైగా గోడ పట్టుకున్న ఆ క్షణం ఊపిరి కూడదీసుకుంటాం. నదిలో ఆ ఊపు లేదు, ఆ పట్టు లేదు. ఆగాలనిపిస్తే నిలువునా తేలుతూ కాళ్ళాడించడం రావాలి, వెల్లకిలా పడుకుని ఊపిరి తీసుకోవడం రావాలి. ఈ రెండూ రానివాళ్ళు కొలనులో రెండు కిలోమీటర్లు ఈదినా నేను నదికి పంపను. శ్రీను గారూ, మీకు వస్తాయా?

బందరురోడ్డు_శ్రీను
వెల్లకిలా తేలడం వచ్చు. నిలువునా ఉండడం అంతగా రాదు, కాస్సేపటికే కాళ్ళు బరువెక్కుతాయి.

నీలిటోపీ
అయితే ముందు అదే సాధన చేయండి. లోతు వైపు, గోడకు అందనంత దూరంలో పది నిమిషాలు. చేతులు నీటి పైన పెట్టకండి, నీటిలోనే అటూ ఇటూ తిప్పండి. పది నిమిషాలు హాయిగా ఉండి మాట్లాడగలిగిన రోజు నది గురించి ఆలోచించవచ్చు.

లాకుల_సాంబయ్య
మాది దుగ్గిరాల. మా కాలంలో ఈతకు కొలను అనే మాటే తెలియదు. కాలువకు నీళ్ళు వదిలారంటే పిల్లలందరం అక్కడే. మునగ బెండ్లు తాడుతో కట్టి నడుముకు బిగించేవాళ్ళు, ఎండిన సొరకాయ బుర్ర చంక కింద పెట్టుకునేవాళ్ళూ ఉండేవారు. వారం గడిచేసరికి మా నాయన ఒక్కొక్క బెండూ తీసేసేవాడు. చివరి బెండు ఎప్పుడు తీశాడో తెలియకుండానే ఈత వచ్చేసింది. గేదెల్ని అవతలి గట్టుకు తోలాలంటే తోక పట్టుకుని దాటేవాళ్ళం. లాకుల దగ్గరికి మాత్రం పోనిచ్చేవారు కాదు. తలుపు కింద నీళ్ళు పైకి నిమ్మళంగానే కనిపిస్తాయి, లోపల మనిషిని అంటిపెట్టుకుని వదలవు.

ఇప్పుడు డెబ్భై దగ్గరపడింది. హైదరాబాదులో అబ్బాయి దగ్గర ఉన్నప్పుడు వాళ్ళ అపార్ట్‌మెంటు కొలనులో దిగాను. క్లోరిన్ వాసనకు కళ్ళు మండాయి. ఊరికి వచ్చాక కాలువ గట్టున కూర్చుంటే ఆ నీటి వాసనకే ప్రాణం లేచొచ్చింది. మీరు ‘ఏముంది’ అని అడుగుతున్నది నాకు అర్థమవుతుంది నాయనా, కానీ మాకు అది అడగాల్సిన విషయమే కాదు. పుట్టిన దగ్గర నుంచీ నీళ్ళు పక్కనే ఉన్నాయి.

గుంటూరు_కారం
తాతగారూ, ఇప్పుడు ఈతగాళ్ళు నడుముకు తాడు కట్టి వెనక లాక్కెళ్ళే గాలి బుడగ ఉంది చూశారా, నారింజ రంగులో? అది మీ సొరకాయ బుర్రే. ధర మాత్రం వెయ్యి పైన.

లాకుల_సాంబయ్య
మా బుర్ర పులుసులోకి కూడా పనికొచ్చేది, లేతగా ఉండగా.

నీలిటోపీ
బుడగ గురించి ఒక్క మాట. అది మునిగిపోకుండా ఆపే సాధనం అనుకోవద్దు. దూరం నుంచి పడవలవాళ్ళకు మనం కనిపించడానికే అది. అలసిపోతే దాని మీద వాలి కాసేపు ఊపిరి తీసుకోవచ్చు. నీటిలో మనిషి తల ఎంత చిన్నదో పడవ మీద నుంచి చూస్తేనే తెలుస్తుంది.

గేట్లమాష్టారు
జలవనరుల శాఖలో పనిచేసి రిటైరయ్యాను. ఇక్కడ ఎవరూ అంకెలు చెప్పలేదు కాబట్టి చెబుతాను. ప్రకాశం బ్యారేజీ 1957లో పూర్తయింది. అంతకు ముందు 1855 నాటి ఆనకట్ట ఉండేది. బ్యారేజీ పొడవు 1,223 మీటర్ల పైచిలుకు, 70 గేట్లు. ఎగువన నీటిమట్టం 12 అడుగుల దగ్గర నిలుపుతారు, అప్పుడు నిల్వ 3.07 టీఎంసీలు. పున్నమి ఘాట్ దగ్గర మీరు చూసే నిండైన నీళ్ళు అవే. గేట్లన్నీ మూసి ఉన్న రోజున అది దాదాపు చెరువులా నిలకడగా ఉంటుంది. అయితే గేట్లు మూసినా కాలువలు పారుతుంటాయి. విజయవాడ వైపు తూర్పు కాలువకు, సీతానగరం వైపు పడమటి కాలువకు హెడ్ రెగ్యులేటర్లు, అంటే నీటిని కాలువలోకి వదిలే తలుపులు, ఉన్నాయి. వాటివైపు లాగుడు ఎప్పుడూ ఉంటుంది. కాబట్టి బ్యారేజీకి దగ్గరలో ఏ ఒడ్డునా దిగకూడదు.

ఇక వరద. 2024 సెప్టెంబరు మొదట్లో 11.43 లక్షల క్యూసెక్కులు వచ్చింది, బ్యారేజీ చరిత్రలో అంతకు ముందు ఎన్నడూ అంత రాలేదు. క్యూసెక్కంటే సెకనుకు 28 లీటర్ల పైన. ఎగువ నుంచి పడవలే కొట్టుకొచ్చి గేట్లు ఎత్తడానికి సాయపడే బరువు దిమ్మెలను (కౌంటర్‌వెయిట్లను) బద్దలు కొట్టాయి, అంత బరువైన పడవలు. మనిషి ఒక లెక్కా? మామూలు ఈతగాడు గంటకు రెండు, రెండున్నర కిలోమీటర్లు ఈదుతాడు. అంటే సెకనుకు ముప్పావు మీటరు కూడా కాదు. ప్రవాహం సెకనుకు ఒక మీటరుంటే చాలు, ఎంత బలంగా బారలు వేసినా వెనక్కే పోతాడు. ఎగువన ఉన్న పులిచింతల ప్రాజెక్టు నుంచి నీరు వదిలారో లేదో చూసుకోవడం ఒక్కటే చాలదు. కృష్ణ ఉపనది మున్నేరు పులిచింతలకు దిగువన కలుస్తుంది. అటు ఖమ్మం వైపు వాన పడితే పులిచింతల గేట్లు మూసి ఉన్నా ఇక్కడ నది లేస్తుంది.

సీతానగరం_రవి
మాష్టారూ, ఈ ముక్క ఘాట్ల దగ్గర బోర్డు మీద రాయించాలి.

రేవుగట్టు
మాష్టారి మాట పాటిస్తాం. జూలై నుంచి అక్టోబరు దాకా మా బృందం నదిలో దిగదు. ఆ నెలల్లో నీళ్ళు ఎర్రగా బురదతో ఉంటాయి, కొట్టుకొచ్చే దుంగలు కనపడవు. మాకు అసలు ఋతువు నవంబరు చివర మొదలవుతుంది. డిసెంబరు, జనవరిలో తెల్లవారుజామున మంచు నీటి మీద నిలబడి ఉంటుంది. ఒడ్డున చలికి వణుకుతాం, నీళ్ళలో దిగితే బయటి గాలికన్నా వెచ్చగా ఉంటుంది. ఆ నెలల్లో నది తేటగా ఉంటుంది, ముంజేయి మొత్తం కనిపిస్తుంది.

కానూరు_కిరణ్
నాకు ఒక సందేహం. తేట, తేట అంటున్నారు. నగరం మురుగు సంగతేమిటి? నగరంలో రైవస్ కాలువ పక్కన నడిచినవాళ్ళెవరూ ఈ నీళ్ళలో తల ముంచరు. దీన్ని ప్రకృతి అని పొగడటం నాకు మింగుడుపడటం లేదు.

తెనాలి_పద్మజ
కిరణ్ గారూ, కాలువలు నది నుంచి బయలుదేరాక నగరంలో మురికి అవుతున్నాయి. ఎగువన నది అంత అధ్వానంగా ఉండదు. కానీ పూర్తిగా శుభ్రం అని నేనూ అనను. మాధవి గారు డాక్టరు, ఆవిడే చెప్పాలి.

డాక్టర్_మాధవి
పిలిచారు కాబట్టి రాస్తున్నాను, కాస్త పొడవవుతుంది. నదీ జలంలో మా వైద్యులకు మొదట గుర్తొచ్చేది లెప్టోస్పైరోసిస్. ఎలుకల మూత్రం కలిసిన నీటి నుంచి, చర్మం మీది చిన్న గాట్ల ద్వారా, కళ్ళు, ముక్కు, నోటి ద్వారా వస్తుంది. పొలాల్లో నీళ్ళలో పనిచేసేవాళ్ళలో మన జిల్లాల్లో ఇది కొత్త జబ్బు కాదు. ఈదిన రెండు వారాల్లోపు జ్వరం వచ్చి, పిక్కలు నొప్పి పుట్టి, కళ్ళు ఎర్రబడితే మామూలు జ్వరమని వదిలేయవద్దు. డాక్టరుకు ‘నేను నదిలో ఈదాను’ అని తప్పకుండా చెప్పండి. ఆ ఒక్క మాట చెప్పకపోవడం వల్లే చికిత్స ఆలస్యమవుతుంది. వాన పడిన రెండు మూడు రోజులు దిగవద్దు, ఒడ్డు మీది చెత్తంతా అప్పుడే నీళ్ళలో చేరుతుంది. కాలికి గాయం ఉంటే అసలు వద్దు.

నలభై దాటినవాళ్ళకు రెండో సంగతి గుండె, రక్తపోటు. ఈసీజీ తీయించుకోండి. బీపీ ఎక్కువగా ఉన్నవాళ్ళలో ఈదుతుండగా ఊపిరితిత్తుల్లో నీరు చేరే సమస్య అరుదుగా వస్తుంది. నీళ్ళు మింగకపోయినా దగ్గు, ఆయాసం, నురుగు కఫం వస్తే వెంటనే పడవెక్కాలి. మూడోది వేడి. చలి దేశాల ఈతగాళ్ళు చన్నీటికి భయపడతారు, మన దగ్గర భయపడాల్సింది ఏప్రిల్, మే నెలల వెచ్చని నీటికి. చెమట పట్టినట్టు తెలియదు, దాహం తెలియదు, ఒళ్ళు లోపల ఉడికిపోతుంది. 2010లో యూఏఈలోని ఫుజైరాలో 10 కిలోమీటర్ల పోటీలో ఫ్రాన్ క్రిపెన్ అనే అమెరికా ఈతగాడు వెచ్చని సముద్రంలో చనిపోయాడు. ఆయన ప్రపంచస్థాయి క్రీడాకారుడు, వయసు 26. ఆ తర్వాతే నీటి ఉష్ణోగ్రత 31 డిగ్రీలు దాటితే పోటీ పెట్టకూడదని నియమం తెచ్చారు.

ఇవన్నీ చెప్పి కూడా చెబుతున్నాను, నా రోగుల్లో నదికి వెళ్ళేవాళ్ళను నేను మాన్పించలేదు. వాళ్ళ నిద్ర బాగుపడటం, రక్తపోటు అదుపులోకి రావడం చూస్తున్నాను. జాగ్రత్తలు తీసుకునే మనిషిని ఎందుకు ఆపాలి?

కానూరు_కిరణ్
లెప్టో సంగతి ఇంత వివరంగా తెలియదు. నేను కొలనులోనే ఉంటాను, కానీ మీ జవాబు నిజాయితీగా ఉంది డాక్టరు గారూ.

గుంటూరు_కారం
మా గుంటూరు వాళ్ళం సూర్యలంక తీరానికి కూడా వెళ్తుంటాం. బాపట్ల దాటితే సముద్రమే. అక్కడ ఈదితే ఎలా ఉంటుంది? ఆటుపోట్లు, అలలు, ఉప్పునీటిలో సులువుగా తేలతాం కదా?

నీలిటోపీ
ఉప్పునీటిలో సులువుగా తేలతాం, నిజమే. కానీ సూర్యలంక, వాడరేవు తీరాల్లో ఏటా ప్రాణాలు పోతున్నాయి, చాలావరకు నడుము లోతులో ఆడుకుంటున్నవాళ్ళవే. ఒడ్డుకు వచ్చిన అలల నీరంతా ఒక ఇరుకు దారిలో వెనక్కి లోపలికి పరుగెడుతుంది. పైనుంచి చూస్తే అక్కడే అలలు తక్కువగా, నీళ్ళు ప్రశాంతంగా కనిపిస్తాయి, జనం అక్కడే దిగుతారు. అందులో చిక్కుకుంటే ఒడ్డుకు ఎదురీదవద్దు. తీరానికి సమాంతరంగా పక్కకు ఈది, లాగుడు తగ్గాక అలలతో పాటు ఒడ్డుకు రావాలి. ఆ దారి నీటి అడుక్కి లాగదు, దూరానికి లాగుతుంది. ఇది గుర్తున్నవాడు కంగారుపడడు. మొదటిసారి సముద్రం వద్దు కారం గారూ. ముందు నిలకడ నీరు, తర్వాత నది, ఆ తర్వాత సముద్రం.

వన్‌టౌన్_వెంకట్
ఇంత ఆలోచన ఎందుకండీ. మన బెజవాడ పోలీసు మోతుకూరి తులసీ చైతన్య భారత్, శ్రీలంకల మధ్య ఉన్న పాక్ జలసంధి ఈదారు, ఇంగ్లీషు ఛానెల్ ఈదారు. గోలి శ్యామల గారు నలభైలలో ఈత మొదలుపెట్టి 2021లో పాక్ జలసంధి 30 కిలోమీటర్లు పద్నాలుగు గంటల్లోపు దాటారు. యాభై దాటాక విశాఖ నుంచి కాకినాడ దాకా 150 కిలోమీటర్లు సముద్రంలో విడతలుగా ఈదారు. వాళ్ళు ఈదగా లేనిది మనకు కృష్ణ అవతలి గట్టు ఒక లెక్కా!

సీతానగరం_రవి
వెంకట్ గారూ, వాళ్ళ వెనక శిక్షకులు, పడవలు, ఏళ్ళ సాధన ఉన్నాయి. ‘ఒక లెక్కా’ అనే మాటే మనుషుల్ని ముంచుతుంది.

రేవుగట్టు
ఇక్కడ నేను రవి గారి పక్షమే. కానీ శ్యామల గారి పేరు చెప్పినందుకు వెంకట్ గారికి కృతజ్ఞతలు. నా దృష్టిలో ఆవిడ రికార్డు కన్నా ఆ వయసులో మొదలుపెట్టడమే పెద్ద విషయం. మన దేశపు ఈతగాళ్ళు మిహిర్ సేన్ 1958లో, ఆరతీ సాహా 1959లో ఇంగ్లీషు ఛానెల్ దాటినప్పుడు వాళ్ళు యువకులు. ఇప్పుడు నడివయసువాళ్ళు, అందులోనూ ఆడవాళ్ళు ముందుకు వస్తున్నారంటే దూరపు ఈతలో వయసు అంత పెద్ద అడ్డంకి కాదు. వంద మీటర్ల పరుగులాంటి వేగం ఇక్కడ అవసరం లేదు. తొందరపడకుండా ఒకే లయలో పోగలిగే ఓర్పు కావాలి, అది మన వయసువాళ్ళకు కాస్త ఎక్కువే ఉంటుంది.

బందరురోడ్డు_శ్రీను
నాకు ఛానెల్ వద్దు. భవానీ ద్వీపం వైపు కాసేపు ఈది క్షేమంగా వెనక్కి రాగలిగితే చాలు. ఒకటి అడుగుతాను, కొలను అడుగున ఉన్నట్టు నదిలో గీత ఉండదు కదా, తిన్నగా వెళ్తున్నామో లేదో ఎలా తెలుస్తుంది?

నీలిటోపీ
మంచి ప్రశ్న, నదికి కొత్తగా వచ్చేవాళ్ళకు ఇదే పెద్ద కష్టం. కళ్ళు మూసుకుని ఈదితే ప్రతి మనిషీ ఒక వైపుకు వంగిపోతాడు, బలమైన చేయి ఎటు నెడితే అటు. కాబట్టి ఆరేడు బారలకోసారి తల కాస్త ఎత్తాలి. గడ్డం నీళ్ళలోనే ఉండాలి, కళ్ళు మాత్రం పైకి రావాలి. ముక్కు పూర్తిగా బయటికి వచ్చిందంటే కాళ్ళు కిందికి దిగిపోయినట్టే. ఒక క్షణం చూసి వెంటనే పక్కకు తిరిగి ఊపిరి తీసుకోవాలి. గురి కోసం చిన్న వస్తువును పెట్టుకోవద్దు, ఒడ్డున మనుషులు, పడవలు కదిలిపోతాయి. కొండ పెట్టుకోండి. దక్షిణానికి పోతుంటే సీతానగరం కొండ, తిరిగి వచ్చేటప్పుడు ఇంద్రకీలాద్రి. కదలవు, దూరం నుంచీ కనిపిస్తాయి.

రేవుగట్టు
దానికి తోడు ఎండ. పొద్దున సీతానగరం వైపు ఈదుతుంటే సూర్యుడు ఎడమన, బ్యారేజీ పైనుంచి లేస్తాడు. ఎడమకే ఊపిరి తీసుకునే అలవాటు ఉన్నవాళ్ళకు కళ్ళు బైర్లు కమ్ముతాయి. ముదురు రంగు కళ్ళజోడు కొనండి, రెండు వైపులా ఊపిరి తీసుకోవడం నేర్చుకోండి. కొలనులో ఇది అక్కర్లేదనుకుని చాలామంది నేర్చుకోరు.

గుంటూరు_కారం
మొత్తానికి రెండు కొండల మధ్య ఈత. ఒకదానికి మొక్కుకుంటూ వెళ్ళి, మరోదానికి మొక్కుకుంటూ రావడం.

లాకుల_సాంబయ్య
బాగా చెప్పావు మనవడా.

పడవసరంగు
మా ఇంట్లో నాలుగు తరాలుగా నది మీదే. ఈ చర్చ మా అబ్బాయి చదివి వినిపించాడు, వాడితోనే రాయిస్తున్నాను. మీరెవరూ వలల మాట ఎత్తలేదు. రాత్రి కట్టిన వలలు పొద్దున తీస్తాం. సరిగ్గా మీరు దిగే వేళకు అవి నీళ్ళలోనే ఉంటాయి. సన్న నైలాను వల, నీళ్ళలో కనపడదు. పైన బెండ్లో, ఖాళీ ప్లాస్టిక్ సీసాలో వరుసగా తేలుతుంటే కింద వల ఉన్నట్టు. చేయి తగిలితే గుంజవద్దు, గుంజినకొద్దీ బిగుస్తుంది. ఆగి, వెనక్కి జరిగి, పడవను పిలవాలి. గుర్రపుడెక్క తుట్టెలు కొట్టుకొచ్చేచోటా దూరంగా ఉండాలి, వాటి వేళ్ళు కాళ్ళకు చుట్టుకుంటాయి. ఎక్కడ వల ఉందో, ఎక్కడ లోతుందో మాకు తెలుసు. పడవ మనిషికి నాలుగు డబ్బులు ఇవ్వడానికి వెనకాడి ఒంటరిగా దిగేవాళ్ళను చూస్తే మాకు కోపం వస్తుంది, ఎందుకంటే చివరికి వెతకడానికి పిలిచేది మమ్మల్నే.

సీతానగరం_రవి
మా తమ్ముడిని వెతికింది కూడా జాలరి అన్నలే. మీకు దండం.

డాక్టర్_మాధవి
సరంగు గారి మాట మిగతావాటన్నిటికన్నా ముందు పెట్టాలి.

కానూరు_కిరణ్
నేను ఇందాక కాస్త దురుసుగా రాశాను. నదిలో దిగను కానీ, ఈ చర్చ చదివాక ఆదివారం పొద్దున ఘాటుకు వెళ్ళి చూడాలనిపిస్తోంది.

తెనాలి_పద్మజ
రండి కిరణ్ గారూ, మేం ఈదుతుంటే ఒడ్డున ఫ్లాస్కు కాపలా కాయడానికి మనిషి కావాలి. ఈత అయ్యాక అల్లం టీ, ఇడ్లీ ఉంటాయి.

వన్‌టౌన్_వెంకట్
ఇడ్లీ ఉందని ముందే చెప్పి ఉంటే ఈ చర్చ మొదటి పేజీలోనే తేలిపోయేది.

తెనాలి_పద్మజ
శ్రీను గారూ, మీ మొదటి ప్రశ్నకు నాకు తోచిన ఇంకో ముక్క. నేను ఈత నేర్చుకునేదాకా నది అంటే వంతెన మీద నుంచి రూపాయి బిళ్ళ వేసి దండం పెట్టుకునేదే. 2016 పుష్కరాలకు వెళ్ళి మూడు మునకలు వేసి వచ్చాను, అదీ గొలుసు పట్టుకుని. ఇన్నేళ్ళు పక్కనే ఉండి ఆ నీటి సంగతి నాకేమీ తెలియదు. ఇప్పుడు ఏ నెలలో ఎలా ఉంటుందో తెలుసు, గాలి ఎటునుంచి వస్తే అలలు ఎలా లేస్తాయో తెలుసు, నీటికాకులు ఏ రాళ్ళ మీద రెక్కలు ఆరబెట్టుకుంటాయో తెలుసు. ఏ తరగతి గదిలోనూ రాని చదువు ఇది. మన ఊరి నదిని మన ఒంటితో తెలుసుకోవడం నాకు ఎంతో గొప్పగా అనిపిస్తుంది.

బందరురోడ్డు_శ్రీను
పద్మజ గారూ, నేను వెతుకుతున్న జవాబు ఇదేననుకుంటాను. ఈ చర్చ మొత్తం మా ఆవిడకు చదివి వినిపించాను. రవి గారు రాసింది, మాష్టారు రాసింది రెండుసార్లు చదివించుకుంది. ‘ఒంటరిగా వెళ్ళను, వానల్లో వెళ్ళను, నిలువు ఈత వచ్చేదాకా వెళ్ళను, గుండె పరీక్ష చేయించుకున్నాకే వెళ్తాను’ అని మాట ఇస్తే సరేనంది. ఇంకో షరతు కూడా పెట్టింది. తనకు ఈత రాదు, అయినా పడవలో వెంట వస్తుందట. కుదురుతుందా సరంగు గారూ?

పడవసరంగు
కుదురుతుంది. అమ్మగారికి లైఫ్ జాకెట్ తప్పనిసరి, బిగుతుగా కట్టాలి, మెడ దగ్గర వదులు ఉండకూడదు. పడవ మధ్య పలక మీద కూర్చోవాలి. మీరు అలసి పడవ పట్టుకోవాలనుకుంటే పక్కల పట్టుకోవద్దు, ఒరుగుతుంది. వెనక నుంచి వచ్చి పట్టుకోండి. డిసెంబరు మొదటి వారంలో నీళ్ళు నిలకడపడతాయి. ముందురోజు సాయంత్రం ఒకసారి ఘాటుకు వచ్చి కనపడండి, వలలు ఎటు కట్టామో చూపిస్తాను.

నీలిటోపీ
అప్పటిదాకా రోజూ పది నిమిషాల నిలువు ఈత మర్చిపోవద్దు శ్రీను గారూ. నవంబరు చివర కొలనులో నేనే చూసి చెబుతాను.